ఎడమచేతి కుల్లాయి

పుట్టుకతోనే నాది ఎడమచేతి వాటం. ఇప్పుడది చెప్పుకోదగ్గ సంగతే కాదు. కానీ ఆ రోజుల్లో, కర్నూలు పాత ఊళ్ళో, మా జేజి ఏలుబడిలో బతికే పన్నెండేళ్ళ పిల్లకు అది పెద్ద నేరం. జేజి అంటే మా నాయన తల్లి. మా ఇంట్లో నాయన మాటకు తిరుగుండేది కాదు, జేజి ఇంట్లో లేనంతసేపు.

వంటింటి వాకిలి పక్కన గోడకు ఒక మేకు ఉండేది. దానికి ఒక పేలిక వేలాడేది. జేజి పాత చీర కొంగులోంచి చించిన జానెడు వెడల్పు గుడ్డ అది. ఎర్రది, ఒక అంచున పసుపు గీత. నేను కంచం ముందు కూర్చోగానే జేజి ఆ పేలిక తీసి నా ఎడమచేతిని నడుముకు చేర్చి కట్టేది. పలక పట్టినా అంతే, పిండి పిసికినా అంతే. ఏడేళ్ళుగా కట్టి, ఉతికి, మళ్ళీ కట్టి ఆ గుడ్డ దూదిలా మెత్తబడింది. నేను మాత్రం మెత్తబడలేదు.

కర్నూలు రాజధాని అయ్యాక ఊళ్ళో ఇళ్ళకు కరువొచ్చింది. ఆఫీసులే డేరాల్లో నడుస్తుంటే గుమాస్తాలకు ఇళ్ళెక్కడివి? మా నాయన వెనకవైపు రెండు గదులు ఒక గుమాస్తాకు ఇచ్చాడు. ఆయన భార్యది గోదావరి జిల్లా, నరసాపురం పక్క పల్లె. మా వీధి ఆడవాళ్ళు ఆమెకు "రాజధానామె" అని పేరు పెట్టారు. ఆమె మన ఎండకు తట్టుకోలేక గది నాపరాళ్ళ మీద నీళ్ళు చల్లి, ఆ చల్లని బండల మీద కాళ్ళు చాపుకుని లేసు అల్లుతూ కూర్చునేది. వాళ్ళ వైపు ఇంటింటా అదే పనట. మగ్గం లేదు, చట్రం లేదు, కత్తెరైనా లేదు. కొసన చిన్న కొక్కెం ఉన్న సూది ఒకటి, నూలు ఉండ ఒకటి. కొక్కెం లోపలికి పోయి దారం పట్టుకుని బయటికి వచ్చేది, పోయేది, వచ్చేది. చూస్తుండగానే ఆకు, పువ్వు, అంచు తయారయ్యేవి. నేను రోజూ ఆమె గడప మీద కూర్చుని చూసేదాన్ని. నాకు ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు.

ఆ ఏడాదే మా అక్క కానుపుకు వచ్చింది. ఆమెను కడప వైపు, కమలాపురం దగ్గర పల్లెలో ఇచ్చాం. అది ఆమెకు రెండో కానుపు. మొదటి బిడ్డ పుట్టిన తొమ్మిదో రోజున పోయాడు. పదకొండో రోజు తొట్లెలో వేసి, నెత్తిన కుల్లాయి పెట్టి, పేరు పిలవాల్సింది. అంతవరకు రాలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. జేజి మాత్రం తల్లీ బిడ్డా క్షేమంగా ఉంటే మహానంది కోనేట్లో మునిగి వస్తానని మొక్కుకుంది.

ఒక మధ్యాహ్నం అక్క రాజధానామె గదికి వచ్చింది. అక్కడ పెట్టెలో చిన్న తెల్ల కుల్లాయి ఉంటే తీసి, లోపల పిడికిలి పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"తొట్లెలో ఏసే దినానికి ఇట్లాంటిదొకటి ఉంటే శానా బాగుంటాది" అంది అక్క, ఎవరితోనూ అన్నట్టు కాకుండా.

"దానికేం భాగ్యం, నేను అల్లి ఇస్తాలే అమ్మా" అంది రాజధానామె.

"నువ్వొద్దులే, నేనే అల్తా!" అన్నాను నేను రాజధానామెతో.

ఇద్దరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నవ్వినందుకైనా అల్లి తీరాలని అక్కడికక్కడే అనుకున్నాను. ఇంటికంతా చెప్పేశాను కూడా. జేజి విని వక్క కొరుకుతూ ఒకటే మాట అంది.

"అల్లు మే, ఎవురొద్దన్నారు? కానీ కుడిచేత్తో అల్లాల. అది బిడ్డ నెత్తిన పెట్టేది. ఎడంచెయ్యి తగలగూడదు. ఒకసారి పోగొట్టుకున్నాం."



రాజధానామె సూదులు సన్నటి లేసు సూదులు. నాలాంటి మొరటు చేతికి పడితే విరిగిపోతాయని ఆమె భయం. అందుకని విరిగిన గొడుగు కమ్మి ఒకటి తీసుకుని వీధి చివర గొడుగులు బాగుచేసే సాయిబు దగ్గరికి పోయాను. రాజధానామె సూది కూడా నమూనాకు తీసుకుపోయాను. ఆయన దాన్ని కంటికి ఆనించుకుని చూసి, కమ్మిని ఆకురాయితో రాకి, కొసన గాడి కోసి, తన లుంగీ అంచున వేలాడే పోగును దాంతో లాగి చూశాడు. పోగు ఊడి వచ్చింది.

"పట్టుకుంటాంది బేటీ, పో" అన్నాడు సంతోషంగా.

అదే నా మొదటి సూది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మొదట నేర్పేది గొలుసు. ముడి వేసి, దారం చుట్టి, కొక్కెంతో లాగాలి. ఒక కన్ను, దాని లోంచి మరో కన్ను. రాజధానామె నా పక్కన కూర్చుని చేసి చూపించేది. నేను కుడిచేత్తో సూది పట్టుకునేదాన్ని. నా కుడిచెయ్యి అన్నం కలపడం నేర్చుకుంది, అక్షరాలు దిద్దడం నేర్చుకుంది, కానీ ఈ పని దగ్గర మొండికేసింది. ఒక కన్ను బిగిసి చీమ కూడా దూరనట్టు వచ్చేది, పక్కది నా బొటనవేలు పట్టేంత వదులు. తెల్ల నూలు నా చేతి చెమటకు, మా ఊరి దుమ్ముకు మట్టిరంగు తేలింది. వారం రోజుల్లో వసారా ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చేంత గొలుసు అల్లాను. అందులో వరసగా పది కన్నులు ఒక్క తీరుగా ఉన్న చోటు లేదు.

"బాయికి చేదతాడు పేన్తాండావేమే?" అంది జేజి అటు పోతూ.

"అవును, నీళ్ళు నువ్వే తోడుదువులే" అన్నాను. తలమీద ఒక మొట్టికాయ పడింది. అయినా ఆ రోజూ అల్లడం ఆపలేదు.

రెండో వారం ఒకనాడు రాజధానామె నీళ్ళకని బయటికి పోయింది. గదిలో నేనొక్కదాన్నే. సూది ఎప్పుడు ఎడమచేతికి మారిందో నాకే తెలియదు. ఆమె బిందెతో తిరిగి వచ్చేసరికి నా ఒళ్ళో మూరెడు గొలుసు ఉంది, ఒక్క కన్నూ వంకర లేకుండా. ఆమె బిందె దించి, ఆ గొలుసును వేళ్ళ మధ్య జార్చి చూసింది. నేను దెబ్బకు సిద్ధపడి తల వంచుకున్నాను.

"ఇలాంటి చెయ్యి పెట్టుకుని ఇన్నాళ్ళు నా ప్రాణం తీశావా అమ్మాయ్?" అంది.

ఆ మాట ఎవరైనా అంటారని నేను ఏడేళ్ళుగా ఎదురుచూస్తున్నానని ఆ క్షణం దాకా నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది. కానీ ఆమెకు ఒక చిక్కు వచ్చింది. ఎడమచేత్తో ఎలా నేర్పాలో తనకు తెలియదు. పక్కన కూర్చుంటే ఆమె చేసేవన్నీ నాకు తిరగబడి కనబడేవి. కాసేపు ఆలోచించి, పీట తీసుకుని నా ఎదురుగా, మోకాళ్ళు తగిలేటట్టు కూర్చుంది.

"అద్దంలో చూసుకుంటున్నావనుకో. నేను చేసింది నీ వైపు నుంచి చెయ్యి" అంది.

అప్పటినుంచి రోజూ జేజి అన్నం తిని నడుం వాల్చిన వేళ, వెనక గది తలుపు ఓరగా వేసి, ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఆమె కుడిచెయ్యి నా ఎడమచేతికి ఎదురు నిలిచేది. ఆమె కొక్కెం లోపలికి పోతే నాదీ పోయేది. గొలుసును గుండ్రంగా కలిపి ఉంగరం చేయడం, అందులోంచి గట్టి కుట్లు వేయడం, చుట్టుచుట్టుకూ కుట్లు పెంచుకుంటూ పోవడం నెలలోపు వచ్చేశాయి.

నా మొదటి కుల్లాయి గురించి కూడా చెప్పాలి, దాచుకుంటే బాగుండదు. కుట్లు పెంచమన్న చోట పెంచడం మరిచిపోయి, తెగ ఉత్సాహంగా అల్లుకుంటూ పోయాను. తీరా చూస్తే అది జామకాయంత లావున మూరెడు పొడుగు సాగింది. అందులో ఏ బిడ్డ తలా పట్టదు. నాయన దాన్ని ఎత్తి పట్టుకుని, "దూడ మూతికి చిక్కం మాదిరి ఉండాదే! పనికొస్తాదిలే, పారెయ్యొద్దు" అన్నాడు. నిజంగానే రెండు రోజులు మా బర్రెదూడ మూతికి కట్టాడు. అది శుభ్రంగా నమిలేసింది. ఆ రెండు రోజులూ నేను నాయనతో మాట్లాడలేదు. మూడో రోజు మళ్ళీ ఉంగరం మొదలుపెట్టాను, ఈసారి ప్రతి చుట్టూ పైకి లెక్కపెడుతూ.

ఈ రెండోది బాగా వచ్చింది. నడినెత్తిన చిన్న పువ్వు, దాని చుట్టూ చదునుగా విప్పారి, చెవుల దగ్గరికి నిటారుగా దిగింది. ఇక అంచు ఒక్కటే మిగిలింది. ఆ మధ్యాహ్నం జేజికి దప్పికైంది. కుండలో నీళ్ళు లేవని నన్ను పిలుస్తూ వెనక గదికి వచ్చి తలుపు తోసింది. నా సూది ఎడమచేతిలో ఉంది. దాచడానికి కూడా వేళ లేకపోయింది.

"ఎన్నాళ్ళనుండి?" అంది జేజి.

"చెయ్యి ఏదైతేనేమండీ, దారం ఒకటే కదా" అంది రాజధానామె, నా కోసం ధైర్యం తెచ్చుకుని.

"మీ తావు సంగతి నాకు తెలీదు తల్లీ. ఈడ నా మనవరాలు ఒక బిడ్డను మట్టిలో పెట్టి వచ్చింది. ఇంకోసారి ఆ కండ్లు నేను చూడలేను." నా వైపు తిరిగింది. "కుడిచేత్తో ఇంకోటి అల్లు. లేదంటే ఇడ్సిపెట్టు. నా పాత కోకతో నేనే కుట్టి పెడ్తా."

గొంతులో కోపం లేదు, భయం ఉంది. కోపమైతే నేను ఎదురు తిరిగేదాన్ని. భయానికి ఎలా ఎదురు తిరగాలో తెలియలేదు. కానీ విడిచిపెట్టడమన్నది నా వల్ల కాదు. కుడిచేత్తోనే అల్లుతానన్నాను.

అన్నానే గాని, నేర్పే మనిషి లేకుండా పోయింది. రాజధాని హైదరాబాదుకు పోతోంది. గుమాస్తాల సామాన్లు లారీలకెక్కుతున్నాయి. రాజధానామె పోయేరోజు పొద్దున నాకు నాలుగు నూలు ఉండలు ఇచ్చి, నా ఎడమచేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని ఒత్తింది. లారీ మలుపు తిరిగాక ఖాళీ గదిలో చల్లని బండల మీద చాలాసేపు కూర్చున్నాను. ఇంకెవరూ నాకు ఎదురుగా కూర్చోరు అనిపించింది.

ఆ మాటతోనే ఉపాయం తట్టింది. నాయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి గోడకు ఆనించి పెట్టాను. ఎడమచేత్తో ఒక కుట్టు వేసి అద్దంలో చూశాను. అద్దంలో ఉన్న పిల్ల కుడిచేత్తో అల్లుతోంది. అంతే, నాకు గురువు దొరికింది. నిలిచిపోయిన కుల్లాయి అంచు మీద ఎడమచేత్తో ఒక కుట్టు వేయడం, అద్దంలో చూడటం, కొత్తదాని మీద కుడిచేత్తో అదే కుట్టు వేయడం. రెండు కుల్లాయిలు, ఒక సూది. కుట్టుకోసారి సూది తీసి మళ్ళీ గుచ్చాలి. అంచు అయిపోయాక, మిగిలిన నూలు మీద ఎడమచేత్తో వేసి చూపించుకునేదాన్ని. వేళ్ళు కొయ్యబారేవి. నా కుడిచేతిని నేనే తిట్టేదాన్ని, రాకపోతే ఎట్లా రావో చూస్తా అని. విప్పడం, అల్లడం, మళ్ళీ విప్పడం. నాలుగు ఉండల్లో రెండు పీచుబారి పోయాయి.

ఇది సగంలో ఉండగా అక్క ప్రసవించింది. ఆడపిల్ల. ఇల్లంతా రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపింది, పైకి ఎవరూ అనకుండా. తొమ్మిదో రోజు అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు, అక్క బిడ్డను ఒళ్ళోంచి దించలేదు. నేను అద్దం ముందు కూర్చుని వేసిన కుట్టే విప్పి వేస్తున్నాను. ఆ సాయంత్రం బిడ్డ గట్టిగా ఏడిచి పాలు తాగింది. అదే పూట నా కుడిచేతి కుల్లాయి కూడా పూర్తయింది. అది ఒక పక్కకు ఒరిగింది. ఒక చెవి మూస్తుంది, రెండోది మూయదు. అయినా అది కుల్లాయే, చిక్కం కాదు.

పదో రోజు పొద్దున జేజి పెరట్లో కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద బిడ్డను వేసుకుని నీళ్ళు పోసింది. సాంబ్రాణి పొగ పట్టి అక్కకు అందించి, చేతులు తుడుచుకుంటూ నన్ను పిలిచింది.

"మే, నీ కుల్లాయి యాడ? రేపే కదా."

రెండూ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. ఏది ఏదో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ సరిగా చెప్పలేను. జేజికి కండ్లలో పొర వచ్చి చూపు మసకబారింది. మనుషులను, పెద్ద వస్తువులను పోల్చుకునేది గాని, సన్న పనులు వేళ్ళతోనే చూసేది. ముందు వంకరదాన్ని తడిమి పక్కన పెట్టింది. రెండోదాన్ని పిడికిలి మీద తొడిగి, నడినెత్తి పువ్వు నుంచి అంచు దాకా చుట్టుచుట్టూ వేలు నడిపింది. ముఖం విప్పారింది.

"చూస్తివా, కుడిచేత్తో అల్లితే ఎట్ల కుదిరిందో! ఆ వంకరది దొంగతనంగా ఎడంచేత్తో అల్లింది కదూ? నేను చెప్తే మీకెవురికీ పట్టదు."

అమ్మ జేజి వెనక నిలబడి నన్ను చూసి కళ్ళతోనే వద్దంది. అక్క కూడా చూసింది. నోరు మూసుకుంటే సరిపోయేది. నేను అల్లిన మంచి కుల్లాయి రేపు బిడ్డ నెత్తికి ఎక్కేది, అందరూ సంతోషించేవాళ్ళు. నాకూ అదే కదా కావలసింది. కానీ ఆ మెచ్చుకోలు ఏ చేతికి పోవాలో ఆ చేతికి పోకుండా పక్క చేతికి పోతుంటే నేను ఓర్చుకోలేకపోయాను. పైగా, జేజి భయపడేది బిడ్డ కోసం. ఆ భయాన్ని మోసం చేసి బిడ్డ నెత్తిన పెట్టడం నాకు చేతకాలేదు.

"తిరగేసి చెప్తాండావు జేజీ. ఆ వంకరది కుడిచేతిది. నువ్వు తొడుక్కున్నది ఎడంచేతిది" అన్నాను. "రెండూ నేనే అల్లినా. ఏది పెడ్తావో నీ ఇష్టం. ఏదీ పెట్టకపోయినా సరే."

జేజి పిడికిలి మీది కుల్లాయిని తీయలేదు, నావైపు తిరగలేదు. ఆమె వేలు మళ్ళీ ఒకసారి పువ్వు దగ్గర మొదలై అంచు దాకా పోయింది. తర్వాత రెండు కుల్లాయిలూ వక్కాకు సంచిలో వేసుకుని లేచి లోపలికి పోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అయిపోయింది, రేపు బిడ్డ నెత్తిన పాతకోక కుల్లాయే అనుకున్నాను. చెప్పినందుకు మాత్రం చింత లేదు. చెప్పకుండా ఉండాల్సిందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మర్నాడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. తొట్లె కట్టారు. బిడ్డను పడుకోబెట్టే ముందు జేజి వక్కాకు సంచిలో చెయ్యి పెట్టింది. బయటికి వచ్చింది నడినెత్తిన పువ్వున్న కుల్లాయి. జేజి దాన్ని తిప్పి పట్టుకుంది. లోపల ఎర్రగా ఉంది. అంచు వెంబడి సన్నటి, వంకరటింకర చేతి కుట్లతో ఒక మెత్తటి గుడ్డ చేర్చి ఉంది. ఆ ఎరుపులో ఒక పక్క పసుపు గీత ఉంది.

"ఉత్త నూలు గరుకు. బిడ్డ నెత్తి ఒరుసుకోదా?" అంది జేజి, ఎవరో అడిగినట్టు. "లోపల పెద్దోళ్ళు కట్టిన గుడ్డ ఉండాల, అది మన ఇంటి పద్ధతి. ఇంట్లో ఇంతకంటే మెత్తంది దొరకలా."

కుల్లాయి బిడ్డ నెత్తికి సరిగ్గా సరిపోయింది. రెండు చెవులూ మూసింది.

ఆ మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని, అలవాటు కొద్దీ ఎడమచేతిని నడుముకు ఆనించి జేజి కోసం ఎదురుచూశాను. జేజి వచ్చి అన్నం వడ్డించింది. నేను వంటింటి వాకిలి వైపు చూశాను. మేకు ఒక్కటే ఉంది.

"కూడు మాత్రం కుడిచేత్తోనే తిను" అని, పప్పు తేవడానికి లోపలికి పోయింది.

కుడిచేత్తోనే తిన్నాను. ఎడమచెయ్యి ఒళ్ళో ఊరకే పడి ఉంది, కట్టు లేకుండా. దాన్నేం చేయాలో తెలియక అన్నం తిన్నంతసేపూ దాని వంకే చూస్తూ కూర్చున్నాను.